నూనె నుదుటికి, మందు కాలికి

మా అత్తమ్మ ఎడమ కాలు ఉంటుందో పోతుందో ఆరు వారాల్లో తేలిపోతుందని డాక్టర్ చెప్పిన రోజు నేను చేసిన మొదటి పని ఆమెను తిట్టడం. ఆసుపత్రి వరండాలో, పదిమంది చూస్తుండగా, "చెప్పులు ఏసుకునే ముందల దులుపుకోమని ఎన్నిసార్లు చెప్పిన నీకు" అని మొదలుపెట్టాను. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని, చేతిసంచి ఒళ్లో పట్టుకుని, తల వంచుకుని విన్నది. మా ఆయన మందుల చీటీలో తల దూర్చాడు. పాతికేళ్లుగా ఆయన పద్ధతి అదే. నేను గొంతు పెంచితే ఆయనకు ఏదో ఒక కాగితం చదవాల్సిన అవసరం పడుతుంది.

నేను ఎంకపల్లి సర్కారు బడిలో టీచర్ని. మా ఇల్లు సురంగల్‌లో. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బడి పిల్లలకు తెలుసు, ఇంట్లో వాళ్లకు తెలుసు, పాలు పోసే ఆయనకూ తెలుసు. అయితే నేను తిట్టేది మనుషుల బాగు కోరే కదా అని నాకొక సమర్థన ఉండేది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు దాన్ని పట్టుకుని చాలా ఏళ్లు గడిపాను.

జరిగింది నిజానికి చాలా చిన్న సంగతి. చేవెళ్లలో చుట్టాల ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటే అత్తమ్మ వెళ్లింది. ఆటో దిగిన చోట కంకరరాయి ఒకటి చెప్పులోకి దూరింది. పదిహేనేళ్ల షుగర్ ఆమె పాదాల్లో స్పర్శ లేకుండా చేసింది. ఆ రాయి మీదే పొద్దంతా నడిచింది, నిలబడింది, వంట దగ్గర సాయం చేసింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పు విడిస్తే లోపలంతా నెత్తురు. మాకు చెప్పకుండా పసుపు అద్ది, పాత చీర పేలిక కట్టుకుని, పైన సాక్సు తొడుక్కుని వారం రోజులు తిరిగింది. చలి మొదలైంది కదా, అందుకే సాక్సు అనుకున్నాం. వాసన వచ్చాక గానీ తెలియలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటారు. మా ఇంట్లో అది సామెతగా మిగల్లేదు.

పదిరోజులు నగరంలో ఆసుపత్రిలో ఉంచారు. చెడిన కండ తీసేశారు. పంపించేటప్పుడు డాక్టర్ మెల్లగా, మాకు అర్థమయ్యేలా చెప్పాడు. అరికాలి పుండు తగ్గుతూ పోతే పాదం దక్కుతుంది. తగ్గక లోపలికి పాకితే చీలమండ పైదాకా తీసేయాలి. క్రిస్మస్ వారంలో తీసుకొస్తే ఏదో ఒకటి చెప్తానన్నాడు. అప్పటిదాకా రోజు విడిచి రోజు కట్టు మార్చాలి, దానికోసం ఆసుపత్రికి తిరగనక్కర్లేదు, నర్సే ఇంటికి వస్తుందన్నాడు.

ఇంటికి వచ్చే వైద్యం అంటే నాకు నమ్మకం లేదు. నా చిన్నప్పుడు ఇంటికొచ్చే వైద్యం అంటే మోటారు సైకిలు మీద ఒకాయన వచ్చి, జ్వరమైనా విరేచనాలైనా అదే సూది వేసి పోవడం. ఇప్పుడు మొయినాబాద్ చుట్టూ పెద్ద పెద్ద ఇళ్లలో ముసలివాళ్లను చూసుకోవడానికి వచ్చేవాళ్ల గురించి కూడా రకరకాలుగా విన్నాను. టీవీ ముందు కూర్చుని కునికిపాట్లు పడతారని మా బడిలో ఒక టీచర్ చెప్పింది. అందుకని నర్సు వచ్చే రోజు నేను బడికి గంట ఆలస్యంగా వస్తానని చెప్పి, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

పొద్దున ఏడింటికి స్కూటీ ఆగింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో, చేవెళ్ల మనిషి. నుదుట చిన్న బొట్టు, భుజానికి బరువైన సంచి. గుమ్మం మీద మేం వేలాడదీసిన సిలువను చూసిందో ఏమో, లోపలికి వస్తూనే "వందనాలు అవ్వ" అంది. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం మాటలతో పడిపోయే రకం కాదు కాబట్టి గడియారం చూశాను. ఏడుకు రెండు నిమిషాలు తక్కువ.

ఆమె ముందు కాలు చూడలేదు. అత్తమ్మ చెప్పులు అడిగింది. ఒక్కోదాన్లో చేయి పెట్టి, వేళ్లతో మూలమూలా తడిమింది. తర్వాత మంచం నుంచి స్నానాల గదిదాకా తానే నడిచి, దారిలో ఉన్న పీటను పక్కకు జరిపింది. గచ్చు పగిలిన చోట అరికాలితో రుద్ది చూసి, "ఇక్కడ జర సిమెంటు పెట్టియ్యండి సార్" అని మా ఆయనకు చెప్పింది. ఆయన ఆ సాయంత్రమే పెట్టాడు. నేను అదే మాట రెండేళ్లుగా చెబుతున్నాను.

ఆ తర్వాత చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, తొందర లేకుండా. బడిలో పిల్లలకు చేతులు కడుక్కోవడం నేర్పేది నేనే. నేను కడుక్కునే తీరు తలచుకుని సిగ్గేసింది. నేల మీద కూర్చుని, పాత కట్టు మీద సెలైన్ నీళ్లు పోసి, అది నాని తనంతట తాను వదిలేదాకా ఆగింది. లాగలేదు. "నొప్పి తెల్వదు గద బిడ్డ, గుంజెయ్యి" అని అత్తమ్మే అంది. "నీకు తెల్వది అవ్వ, కండకు తెలుస్తది" అంది ఆమె.

కట్టు పూర్తిగా విప్పే వేళకు నాకు వంటింట్లో పాలు గుర్తొచ్చాయి. అదేమిటో, ఆ తర్వాత కూడా సరిగ్గా ఆ వేళకే నాకు వంటింట్లో ఏదో ఒక పని తగిలేది.

కొత్త సంగతులు చాలా వచ్చాయని ఆమె వల్లనే నాకు తెలిసింది. పుండు పక్కన చిన్న కాగితపు కొలబద్ద పెట్టి ఫోన్‌తో ఫోటో తీసేది. నగరంలో డాక్టర్ దాన్ని చూసేవాడు. పోయినసారి ఎంత ఉంది, ఈసారి ఎంత తగ్గింది అనేది ఫోనే లెక్క కట్టి గీత గీసి చూపించేది. అవసరమైతే డాక్టర్ అప్పటికప్పుడు వీడియోలోకి వచ్చేవాడు. ఆమె చూసింది నోటితో చెబితే ఫోన్ తెలుగులో రాసుకునేది. ఆ రిపోర్టు నా ఫోన్‌కు వచ్చేది. అత్తమ్మ భుజానికి రూపాయి బిళ్లంత ఒకటి అంటించింది. వేలు పొడిచే పని లేకుండా అదే ఎప్పటికప్పుడు షుగర్ ఎంత ఉందో ఫోన్‌కు చెప్పేది. అత్తమ్మ దానికి గుండీ అని పేరు పెట్టింది.

గుండీతో మా ఇంట్లో కొత్త పోరు మొదలైంది. క్రిస్మస్ పిండివంటల్లో మొదటగా ఒక డబ్బా తీపి గరిజెలు చేసి పెట్టాను. ఒక మధ్యాహ్నం బడిలో ఉండగా ఫోన్ మోగింది. షుగర్ మూడొందలు దాటింది. నేను వెంటనే ఇంటికి ఫోన్ చేసి, "ఎన్ని తిన్నవ్?" అన్నాను. "నేనేం తినలే" అంది. "గుండీ చెప్తున్నది అత్తమ్మ, అబద్ధమాడకు." అటునుంచి డబ్బా మూత పెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత, "ఒక్కటే. గుండీ గూడ నీ తీరుగనే చాడీలు చెప్తది" అంది. మూడో తరగతి పిల్లలంతా నా ముఖం చూస్తున్నారు. సాయంత్రం ఇంటికెళ్లి డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. గోడ మీద ఎర్ర పెన్నుతో పెద్దక్షరాల్లో తినకూడని వాటి జాబితా అంటించాను. అంతా ఆమె కాలు కోసమే అనుకున్నాను.

మొదటి రెండు వారాలు గీత కిందికి దిగింది. మూడో వారంలో ఆగింది. నాలుగో వారంలో డాక్టర్ వీడియోలో ఫోటో చూసి ముఖం చిట్లించాడు. పుండు అంచులు తెల్లగా నానిపోయినట్టున్నాయి, లోపల తడి ఎక్కువైంది, ఇలాగే ఉంటే కష్టం అన్నాడు. క్రిస్మస్‌కు ఇంకా రెండు వారాలే ఉన్నాయి.

భయపడ్డప్పుడు నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఎవరి మీద పడాలా అని చూశాను. ఎదురుగా నర్సు ఉంది. అంతకుముందు శుక్రవారం పడ్డ రెండుసార్లూ ఆమె ఆలస్యంగా వచ్చింది. మాకంటే ముందు చిల్కూరులో ఇంకో పేషెంటును చూసి వస్తుంది, శుక్రవారం గుడికి వచ్చే కార్ల మధ్య చిక్కుకుంది. ఆ కారణం నాకు తెలుసు. తెలిసినా, "నువ్వు ఉరుకులాటల పని చేసి పోతున్నవ్. గందుకే గిట్లయింది. చేతకాకుంటె చెప్పు, ఇంకొకరిని పిలుచుకుంటం" అన్నాను. నా గొంతు వీధిదాకా పోయి ఉంటుంది.

ఆమె గాజుగుడ్డ ముక్కలు సంచిలో వేసి మూట కట్టింది. అత్తమ్మ వైపు ఒకసారి చూసింది. అత్తమ్మ గోడవైపు తిరిగింది. "ఎల్లుండి వస్త మేడమ్" అని మాత్రం అని వెళ్లిపోయింది. ఆ మౌనం చూసి తప్పు ఆమెదేనని నాకు ఖాయమైపోయింది. ప్రతిసారీ రిపోర్టు కింద అయిదు నక్షత్రాలు వచ్చేవి, ఎన్ని ఇస్తారో నొక్కమని. వాటిలో ఒకటి నొక్కాను. పైగా నాలుగు వాక్యాల ఫిర్యాదు రాశాను. టీచర్ని కదా, కామాలూ ఫుల్‌స్టాపులూ చక్కగా పెట్టాను.

మరునాడు వాళ్ల ఆఫీసు నుంచి ఒకామె ఫోన్ చేసింది. మాట చాలా మర్యాదగా ఉంది. "నర్సును మార్చమంటే మారుస్తం మేడమ్. కాని ముందుగాల ఒక్కమాట. ఆమె రిపోర్టులు మీరు చదివిండ్రా?" అని అడిగింది. నక్షత్రాల పైన ఉండే రాత నేనెప్పుడూ తెరవలేదు. పిల్లలకు, ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయొద్దని రోజూ చెప్పేదాన్ని నేనే.

బడి వదిలాక, ఖాళీ తరగతి గదిలో కూర్చుని ఒక్కొక్కటే చదివాను. కాలి రంగు, వాసన, కొలత, అత్తమ్మ ఏం తిన్నది, ఎలా నిద్రపోయింది, అన్నీ ఉన్నాయి. "అవ్వకు కూతురి తీరుగ ఎవరన్న దగ్గర కూసుంటె మంచిగుంటది" అని ఒకరోజు రాసి ఉంది. చివరి దాంట్లో ఇలా ఉంది: కట్టు కింద నూనె ఉన్నది. పోయినసారి కూడ అనుమానం వచ్చింది. అవ్వను అడిగిన. ప్రార్థన నూనె పోస్తున్న అన్నది. డాక్టర్ సారుకు చెప్పిన, రిపోర్టుల గూడ రాయక తప్పది. ఇంట్ల వాళ్లకు నేనే చెప్పుకుంట, రెండు రోజులు టైమియ్యి బిడ్డ అన్నది. అవ్వ చెప్పకుంటె నేను చెప్త.

నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. నేను వీధంతా వినపడేలా అరుస్తుంటే, ఆ ఒక్క మాట చెప్పి ఆమె నా నోరు మూయించగలిగేది. మా అత్తమ్మకు ఇచ్చిన రెండు రోజుల మాట కోసం నా తిట్లు తిని వెళ్లిపోయింది. అట్లాంటి మనిషిని నేను నా జీవితంలో ఎక్కువమందిని చూడలేదు.

ఇంటికి వెళ్లి అత్తమ్మ మంచం పక్కన నిలబడ్డాను. నేను అడగకముందే ఆమె దిండు కిందినుంచి చిన్న సీసా తీసి నా చేతిలో పెట్టింది. ఆ చేవెళ్ల కూడికలో ప్రార్థన చేసి ఇచ్చిన నూనె. నర్సు వెళ్లాక, నేను బడికి పోయాక, కట్టు సందులోంచి నాలుగు చుక్కలు వంచుకునేదట.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తె నువ్వు అరుస్తవ్ గద బిడ్డ."

"అరిస్తె ఏమైతది? కాలు కంటె ఎక్కువనా నా అరుపు?"

"ఒక్కోపాలి ఎక్కువనే అనిపిస్తది" అంది.

కోపంతో అనలేదు. అడిగినందుకు చెప్పింది, అంతే. అందుకే అది తగిలింది. రాయి గుచ్చుకున్నప్పుడు వారం రోజులు సాక్సులో ఎందుకు దాచిందో నాకు అప్పుడు అర్థమైంది. మంచం అంచున కూర్చున్నాను. ఏడ్చాను కూడా. ఆమె నా వీపు మీద చేయి వేసి, తప్పు చేసింది తానే కాబట్టి నన్ను ఓదార్చాల్సింది కూడా తానే అన్నట్టు, నూనె ఎందుకు పోసిందో మెల్లగా చెప్పింది.

మా చర్చిలో క్రిస్మస్ రోజు ఆరాధన తర్వాత కృతజ్ఞత సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు ఆ ఏడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్తారు. నలభై ఏళ్లుగా మొదట లేచేది మా అత్తమ్మే. బర్రె ఈనిన సంగతి చెప్పింది, నాకు ఉద్యోగం వచ్చిన సంగతి చెప్పింది, నా కాన్పు కష్టమైతే ఆ సంగతీ చెప్పింది. "ఈపాలి కాలు సంగతి చెప్పాలనుకున్న" అంది. "మందుతోని మానితె డాక్టరు మానిపిచ్చిండంటరు. మరి నేను సాక్ష్యమేం చెప్పాలె? గందుకే దేవుని పని గూడ జర ఉండాలని పోసిన."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మానడం ఖాయమేనని నమ్మింది. ఎవరివల్ల మానిందో తేల్చుకోవడమే ఆమె దిగులు.

ఎల్లుండి వస్తానన్న నర్సు ఎల్లుండి ఏడింటికి వచ్చింది. గుమ్మం దగ్గరే ఎదురెళ్లి, "రిపోర్టులు చదివిన. నేనన్నది తప్పు" అన్నాను. ఇంకా ఏదో అనాలని రాత్రంతా వాక్యాలు కూర్చుకున్నాను గానీ ఆమె అననివ్వలేదు. "చదివిండ్రు గద మేడమ్, చాలు. చానమంది చదవరు" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

అత్తమ్మ మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. సీసా చూపించి వాదం పెట్టుకుంది. "బైబిల్ల, దారిల దొంగలు కొట్టి పడేసిన మనిషికి, ఆ పుణ్యాత్ముడు గాయాల మీద నూనె పోసే గద కట్టు కట్టింది. మరి మేం చేస్తె తప్పేంది?"

నర్సు ఆ కథ శ్రద్ధగా విన్నది. "అప్పుడు ఆయన దగ్గర ఇంతకన్న మంచి మందు లేకుండె కావొచ్చు అవ్వ" అంది. "ఉన్నదాంట్లనే మంచిది పోసిండు. ఇప్పుడుంటె ఇదే పూసేటోడు." అని మందు గొట్టం చూపించింది. మా చర్చి అయ్యగారు ఇన్నేళ్లలో ఆ కథ మీద ఎన్నో ప్రసంగాలు చేశాడు గానీ, ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు.

సీసా పారేయమని ఆమె అనలేదు. "నూనె నుదుటికి, మందు కాలికి. నేను కట్టు విప్పకముందు నువ్వు ప్రార్థన చేసుకో. అందాక నేను చేతులు కడుక్కుంట" అంది. అప్పటినుంచి అదే పద్ధతి. ఇక్కడ ప్రార్థన, అక్కడ నల్లా చప్పుడు. అత్తమ్మ ప్రార్థనలు పొట్టివి కావు. ఊరందరి పేర్లూ వస్తాయి. వేరే ఇళ్లలో ఇంకో ముగ్గురు పేషెంట్లు ఎదురుచూస్తున్నా, నర్సు తడి చేతులు పైకెత్తి పట్టుకుని, ఆమెన్ వినపడేదాకా గుమ్మంలో నిలబడేది. ఒకరోజు అత్తమ్మ కళ్లు తెరిచి, "ఇటు రా బిడ్డ" అని పిలిచి, ఆ కడుక్కున్న చేతుల మీద నూనె రాసింది. నర్సు రాయించుకుంది. వెనక్కి వెళ్లి, మళ్లీ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చింది. అత్తమ్మ నొచ్చుకోలేదు. "కడిగినా ఫరక్ పడది. అది లోపటికి పోయింది" అంది.

గీత మళ్లీ కిందికి దిగడం మొదలుపెట్టింది. నేను ఇచ్చిన ఒక్క నక్షత్రాన్ని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదట. చాలా ప్రయత్నించాను. అందుకని వాళ్ల ఆఫీసుకు చేతిరాతతో ఒక పేజీ ఉత్తరం రాశాను. నేను ఎంత మూర్ఖంగా మాట్లాడానో, ఆమె ఎట్లా నిలబడిందో, పాత కట్టు నానేదాకా ఎట్లా ఆగుతుందో రాశాను. ఇంతమంది పిల్లలకు ప్రోగ్రెస్ కార్డులు రాశాను గానీ, అంత ఇష్టంగా ఎప్పుడూ రాయలేదు.

క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు నగరానికి వెళ్లాం. డాక్టర్ మొదటి ఫోటో, చివరి ఫోటో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. చూసినంతసేపూ నేను మా ఆయన చొక్కా చెయ్యి పట్టుకునే ఉన్నాను. పూర్తిగా మానలేదు, ఇంకో నెలన్నా పడుతుంది, కానీ తీసే పని లేదు అన్నాడు. అత్తమ్మకు నమ్మకం కలగలేదు. "అంటె, కాలు నాదేనా సారు?" అంది. "నీదేనమ్మా" అన్నాడు. ఆమె చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా ఆయన చేతిలో చదవడానికి ఏ కాగితమూ లేదు, కిటికీవైపు తిరిగాడు.

కట్టు మార్చే వంతు సరిగ్గా క్రిస్మస్ రోజునే వచ్చింది. పండుగపూట ఎవరొస్తారులే అనుకున్నాం. తెల్లవారుతుండగానే స్కూటీ ఆగింది. చర్చికి వేళ అవుతుందని గంట ముందే వచ్చింది. "ఇయ్యాల గూడ నువ్వేనా? ఇంకెవలన్న లేరా?" అన్నాను. "రోజు విడిచి రోజు అంటె పండుగ విడిచి రోజు కాదు గద అక్క" అంది. అక్క అనడం అదే మొదటిసారి. కట్టు కట్టి, పైన తెల్లటి కొత్త సాక్సు తొడిగి, చెప్పులు తడిమి, అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. బీరువా తాళం తీసి గరిజెల డబ్బా మొత్తం ఆమె స్కూటీ ముందు సంచిలో పెట్టాను. "గుండీ ఉన్న ఇంట్ల ఇవి ఉండకపోవుడే మంచిది" అని నవ్వి, ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్లిపోయింది.

చర్చి నిండిపోయింది. సాక్ష్యాల వేళకు అందరూ అలవాటుగా మా అత్తమ్మ వైపు చూశారు. కుర్చీని ముందుకు నెట్టి నేను వెనక వరుసలో కూర్చున్నాను. ఆమె మైకు తీసుకుంది.

"అందరికి వందనాలు. ఈపాలి నా దగ్గర సాక్ష్యం లేదు" అంది.

మైకు రెండు చేతులతో పట్టుకుని మళ్లీ అందుకుంది.

"సాక్ష్యమంటె కండ్లతోని చూసింది చెప్పాలె. దెబ్బ నా అరికాలికి. నాకు కనవడది, నాకు తెల్వది. రోజు విడిచి రోజు దాని ముంగట కింద కూసోని చూసిన బిడ్డ వేరే ఉన్నది. ఇప్పుడు ఏ ఇంట్ల ఎవల కాలు పట్టుకోని ఉన్నదో. దేవుడు ఆమె పక్కనే కూసోని చూసి ఉంటడు. చెప్తె ఆమెనే చెప్పాలె, నేను కాదు."

మైకు పక్కవాళ్లకు ఇచ్చేసింది. స్తోత్రం అనడానికి జనానికి కొంచెం సమయం పట్టింది. నా అరికాలు నాకు కనపడదు అనడానికి ఆమెకు కారణం ఉంది. నాకేం కారణం ఉంది? ఆరు వారాలు ఆ కాలు నా ఇంట్లోనే, నా కళ్ల ముందే ఉంది. ఆ పుండు గురించి అరిచాను, ఫిర్యాదు రాశాను, నక్షత్రాలు లెక్కపెట్టాను. దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. కట్టు విప్పే ప్రతిసారీ వంటింట్లోకి పారిపోయాను.

జనవరిలో నర్సు, ఇక తాను వారానికి ఒకసారే వస్తానని చెప్పింది. మధ్యలో కట్టు ఇంట్లోవాళ్లే మార్చాలట. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన అనేలోపే "నేను చేస్త" అన్నాను. అత్తమ్మ నావైపు అనుమానంగా చూసింది.

ఆ ఆదివారం పొద్దున నర్సు పక్కన నేల మీద కూర్చున్నాను. చేతులు ఆమె కడుక్కున్నట్టే కడుక్కున్నాను. ఆమె ఏమీ ముట్టుకోలేదు, చూపులతోనే చెప్పింది. పాత కట్టు మీద నీళ్లు పోశాను. ఆగాను. నాకు ఆగడం రాదు. అయినా ఆగాను. గాజుగుడ్డ తనంతట తాను వదిలింది. మొదటిసారి చూశాను. చిటికెన వేలి గోరంత మిగిలింది. చుట్టూ కొత్త చర్మం, పసిపిల్లల పెదవి రంగులో. మడమ నిండా పగుళ్లు. ఈ కాళ్లతోనే నా కాన్పు నెలలో రోజూ మొయినాబాద్ దాకా నడిచి నాకు మందులు తెచ్చింది. నాకు కళ్లు మసకబారితే మోచేతితో తుడుచుకున్నాను, చేతులు మైల పడకుండా. మందు రాశాను. మెత్తటి గుడ్డ పరిచి, చుట్టలు చుట్టాను. బిగించానేమో అని విప్పి మళ్లీ చుట్టాను. నర్సు తల ఊపింది.

అత్తమ్మ పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. చాలాసేపటికి, "మొదలుపెట్టినవా బిడ్డ?" అంది.

"అయిపోయింది అత్తమ్మ" అన్నాను.

"ఉత్తగ చెప్పకు" అంది ఆమె. "ఇంకా ఒక్క మాట గూడ తిట్టలే గద నువ్వు."